సునే క్యా? – మన గప్‌షప్ మీద ఒక ఫిర్యాదు



ప్రొద్దుటూరు శివాలయం సెంటర్లో చాయ్ తాగుతున్నా, జమ్మలమడుగు పాత బస్టాండులో బస్సు కోసం నిలబడినా, పులివెందుల పూలంగళ్ల సర్కిల్లో పండ్లు బేరమాడుతున్నా మనవాళ్ళ నోట మొదట వినపడే మాట ఒకటే: "సునే క్యా?"

ఆ తర్వాత ఏదైనా రావచ్చు. ఫలానా హీరో రెండో పెళ్ళి. ఫలానా క్రికెటర్ తలాఖ్. రేపట్నుంచి ఫలానా నోటు చెల్లదట. ఏదో ఊర్లో మేకకు మనిషి మొహంతో పిల్ల పుట్టిందట. చాయ్ చల్లారేలోపు నలుగురూ నాలుగు ముక్కలు కలుపుతారు. హోటల్లో మొదలైంది మగ్రిబ్ కల్లా ఖాందాన్ గ్రూపులో ఉంటుంది. ఇషా అయ్యేసరికి కువైట్‌లో ఉన్న మన పిల్లలు దాన్నే తిరిగి మనకు పంపుతుంటారు, కొత్త ఖబర్ అన్నట్టు.

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. నేను గప్‌షప్‌కు దుష్మన్‌ను కాను. పొద్దంతా అంగట్లో నిలబడి, మగ్గం మీద కూర్చుని, ఆటో తోలి వచ్చిన మనిషి సాయంత్రం నాలుగు మాటలు చెప్పుకుని నవ్వుకుంటే అందులో గునాహ్ ఏమీ లేదు. లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న షౌక్ మంచిదే. ఆ షౌక్ లేని ఖౌమ్ నిద్రపోతున్న ఖౌమ్. నా ఫిర్యాదు వేరే. మాట్లాడకూడని చోట మనకు నోరు ఎక్కువైంది. మాట్లాడాల్సిన చోట నోరే లేకుండా పోయింది. ఈ రెండూ కలిసి మన ఇళ్ళకు చేస్తున్న నుక్సాన్ ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన జిల్లాలోనే జరిగిన సంగతితో మొదలుపెడతాను. 2024 నవంబర్ 18న కడప పెద్ద దర్గాలో, అంటే అమీన్ పీర్ దర్గాలో, 80వ జాతీయ ముషాయిరా జరిగింది. దానికి సినిమా హీరో రామ్ చరణ్ వచ్చాడు. ఏఆర్ రహమాన్ సాబ్ ఆ దర్గాకు ఏళ్ళ తరబడి వచ్చిపోయే మనిషి. ఆయనకు ఇచ్చిన మాట కోసం వచ్చానని రామ్ చరణ్ చెప్పాడు. అప్పుడు అతను అయ్యప్ప మాలలో ఉన్నాడు. దర్గాకు వెళ్ళడం మీద మనలోనే మస్లక్‌ను బట్టి వేరు వేరు రాయ్‌లు ఉన్నాయి, ఈ రోజు ఆ బహస్ కాదు. మర్నాటి నుంచి మాటలు ఎట్లా నడిచాయో చూడండి. మాల వేసుకున్నవాడు దర్గాకు ఎందుకు పోయాడని అటువైపు వాళ్ళు మొదలుపెట్టారు. మాల వేసుకున్నవాణ్ణి దర్గాలోకి ఎట్లా రానిచ్చారని మనవైపు కొందరు మొదలుపెట్టారు. అతని భార్య ఉపాసన ముందుకొచ్చి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక మనిషి దోస్తుకు ఇచ్చిన జుబాన్ నిలబెట్టుకున్నాడు. మెచ్చుకోవాల్సిన ఆ ఒక్క సంగతీ రెండువైపులా ఎవరికీ కనపడలేదు.

ఆ ముచ్చట ఇంకా వేడిగా ఉండగానే, మర్నాడు నవంబర్ 19న, రహమాన్ సాబ్, ఆయన బీవీ సైరా బాను విడిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. 1995లో నికాహ్. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం, ముగ్గురు పిల్లలు. అది రెండు మనసులు విరిగిన ఖబర్. అటువంటిది వింటే ఇన్నా లిల్లాహి అని, ఒక దువా చేసి ఊరుకోవాలి. మనం ఊరుకున్నామా? కొన్ని గంటల తేడాతో ఆయన బృందంలో గిటార్ వాయించే ఒక అమ్మాయి కూడా తన భర్తతో విడిపోయినట్టు చెప్పింది. అంతే, రెండు ఖబర్లనూ ఒక దారానికి కట్టేశారు. సైరా బాను వకీలు ఈ రెంటికీ సంబంధం లేదని చెప్పింది. వినలేదు. కొడుకు అమీన్ తన తండ్రి మీద వేస్తున్న నిందలు అబద్ధమని రాశాడు. వినలేదు. ఆ అమ్మాయి రహమాన్ తనకు తండ్రిలాంటివాడని చెప్పుకుంది. దానికీ నవ్వారు. చివరికి రహమాన్ లాయర్ నోటీసు పంపాడు. విడిపోయిన ఆ బీవీయే, అనారోగ్యంతో ముంబైలో ఉన్నదల్లా, తన గొంతుతో ఒక సందేశం పెట్టి ఆయన మంచి మనిషని, ఆయన పేరు బద్‌నామ్ చేయవద్దని వేడుకుంది.

ఒక్కసారి ఆలోచించండి. జబ్బుగా ఉన్న ఆడమనిషి, కాపురం విరిగిన గాయం పచ్చిగా ఉండగా, విడిపోతున్న షౌహర్ ఇజ్జత్ కాపాడటానికి లేచి మాట్లాడాల్సి వచ్చింది. ఎవరి నుంచి కాపాడటానికి? టీవీ వాళ్ళ నుంచి, యూట్యూబ్ వాళ్ళ నుంచి అంటాం మనం. ఆ వీడియోలు చూసిందెవరు? చూసి "సునే క్యా?" అని పక్కింటికి మోసిందెవరు? చూసేవాడు లేకపోతే ఆ దుకాణం ఒక్కరోజు కూడా నడవదు.

సూరె హుజురాత్ మనలో చాలామందికి కంఠస్థం. అందులో ఒకే ఆయత్‌లో మూడు సంగతులు వరసగా మనా చేశారు. మొదటిది బద్‌గుమానీ, అంటే తెలియకుండానే చెడు ఊహించుకోవడం. రెండోది తజస్సుస్, అంటే ఇతరుల గుట్టు తవ్వడం. మూడోది గీబత్. ఆ వరస ఊరికే వచ్చింది కాదు. మనిషి ముందు అనుమానిస్తాడు, తర్వాత తవ్వుతాడు, ఆ తర్వాత నలుగురికీ పంచుతాడు. రహమాన్ విషయంలో జరిగింది అచ్చంగా ఇదే క్రమం. గీబత్‌ను చచ్చిపోయిన అన్న మాంసం తినడంతో పోల్చారు. ఆ పోలిక విని జుమ్మాలో కళ్ళు తుడుచుకుంటాం. బయట చెప్పులు తొడుక్కుంటూనే ఫోన్ తీస్తాం.

దీనికి మనవాళ్ళు చెప్పే జవాబులు నాకు తెలుసు. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటి జవాబు: "వాళ్ళు సెలబ్రిటీలు భాయ్, పేరు కోసం వచ్చినవాళ్ళు, మాటలు పడాల్సిందే." సరే. ఒక పాట బాగలేదంటే అనండి. సినిమా చెత్తగా ఉందంటే అనండి. నాయకుడు మాట తప్పితే నడిబజార్లో నిలదీయండి. వాళ్ళు మన ముందు పెట్టిన పని అది, దాని మీద మాట్లాడే హక్కు మనకుంది. వాళ్ళ పడకగదిని మాత్రం వాళ్ళు మన ముందు పెట్టలేదు. టికెట్ కొన్నది సినిమాకు, వాళ్ళ ఇంటి దర్వాజా తోసుకుపోవడానికి కాదు. బాహాటంగా గునాహ్ చేసేవాడి గురించి మాట్లాడవచ్చు కదా అని కొంచెం చదువుకున్నవాళ్ళు దలీల్ తెస్తారు. అది అతను బాహాటంగా చేసినదానికి మాత్రమే. మనం ఊహించి అంటగట్టినదానికి పేరు తోహ్మత్. దాని హిసాబ్ వేరే.

రెండో జవాబు: "మనం అన్నామా? వచ్చింది, ఫార్వర్డ్ చేశాం." విన్నదల్లా చెప్పేవాడు అబద్ధాలకోరు అనిపించుకోవడానికి ఆ ఒక్క అలవాటే చాలని హదీసు మనకు చెబుతోంది. అంటే అబద్ధం సొంతంగా పుట్టించనక్కర్లేదు, జల్లెడ పట్టకుండా మోస్తే చాలు. వాట్సాప్ కంపెనీవాడికి కూడా ఈ సంగతి అర్థమైంది. 2018లో మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టాడు. 2020లో, బాగా తిరిగిన మెసేజ్ అయితే ఒకసారికి ఒక్క చోటికే అన్నాడు. లాభం కోసం నడిచే కంపెనీకి పుట్టిన ఆ భయం, ఖయామత్ మీద ఈమాన్ ఉన్న మనకు పుట్టలేదు.

మూడో జవాబు మగవాళ్ళది: "గీబత్ అంటే ఆడోళ్ళ పని." ఇది పచ్చి అబద్ధం. మూడు ఊళ్ళలోనూ అస్ర్ నుంచి ఇషా దాకా చాయ్ బల్లల మీద కూర్చునేది ఎవరు? మదీనాలో హజ్రత్ ఆయిషా (ర.అ.) మీద తోహ్మత్ లేచి నెలరోజులు తిరిగినప్పుడు దాన్ని మోసినవాళ్ళలో మగవాళ్ళు ఉన్నారు, మంచి పేరున్న మగవాళ్ళు కూడా. అదే సమయంలో రసూలుల్లాహ్ (స) తన మరో బీవీ హజ్రత్ జైనబ్ (ర.అ.)ను ఆయిషా గురించి అడిగారు. సౌతన్ అయినా ఆమె తన చెవినీ కంటినీ కాపాడుకుంటానని, తనకు మంచి తప్ప మరేమీ తెలియదని చెప్పింది. ఒక్క మాట జారితే తనకే లాభం కలిగే చోట నోరు కట్టుకున్న మనిషి ఆమె. మన మగవాళ్ళు ముందు ఆమె దగ్గర సబక్ నేర్చుకోవాలి.

ఇంకా ఒక జవాబు ఉంది, అన్నిటికంటే తేలికైనది: "టైంపాస్." ఎవరో బొంబాయిలో, చెన్నైలో ఉన్నవాళ్ళ గురించి ఇక్కడ ఒక మాట అనుకుంటే ఎవరికి నష్టం అంటారు. నష్టం మన ఇంట్లోనే జరుగుతుంది. ఎట్లాగో చెబుతాను.

2024 జనవరి 20న షోయబ్ మాలిక్ కొత్త నికాహ్ ఫోటోలు పెట్టాడు. మన హైదరాబాదు ఆడపిల్ల సానియా మీర్జా ఖులా తీసుకుందని ఆమె తండ్రి చెప్పాడు. కొన్ని నెలల కిందటే విడిపోయారని, ఊహాగానాలు వద్దని ఇంటివాళ్ళు అడిగారు. ఆ వారమంతా మన దావత్‌లలో దస్తర్‌ఖాన్ ముందు నడిచిన మాటలు నేను విన్నాను. ఆట ఆడే పిల్ల కాపురం ఏం చేస్తుంది, సంపాదన ఉంటే అంతే, ఆడదానికి సబర్ ఉండాలి. అన్నవాళ్ళకు అది టైంపాస్. కానీ అదే దస్తర్‌ఖాన్ చివర పళ్ళేలు అందిస్తూ ఒక అమ్మాయి ఉంది. షౌహర్ తాగి కొడితే పోయిన ఏడే పుట్టింటికి వచ్చిన పిల్ల. తన గురించి కూడా తాను లేనప్పుడు ఈ నోళ్ళు ఇట్లాగే ఆడతాయని ఆమెకు ఆ పూట తెలిసిపోయింది. ఇంకెప్పుడైనా ఆమె తన తక్లీఫ్ మన దగ్గర చెప్పుకుంటుందా? చెల్లెలి మీద దెబ్బ పడితే ఆ చెల్లెలు వచ్చి చెబుతుందా? సెలబ్రిటీ మీద వేసిన రాయి సెలబ్రిటీకి తగలదు. మన ఇంట్లో నోరు మూసుకుని ఉన్న ఆడపిల్లకు తగులుతుంది.

ఖులా షరియత్ ఇచ్చిన హక్కు. సాబిత్ బిన్ ఖైస్ (ర.అ.) బీవీ వచ్చి, ఆయన దీన్‌లో, అఖ్లాఖ్‌లో తప్పేమీ లేదు, కానీ ఆయనతో ఉండలేను అన్నది. మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగి ఇస్తావా అని రసూలుల్లాహ్ (స) అడిగారు, ఇస్తానంది, విడిపించారు. ఆమె గుట్టును నలుగురిలో తవ్వలేదు. ఆయన తవ్వని చోట తవ్వడానికి మనమెవరం? ఇక్కడ రిష్తా చూసేటప్పుడు "ఆ పిల్ల గురించి ఏదో విన్నాం" అన్న ఒక్క ముక్క చాలు, నిశ్చయమైన సంబంధం వెనక్కి పోతుంది. విన్నదేమిటి, ఎవరి దగ్గర విన్నారు అంటే ఎవరికీ తెలియదు. ఈ అలవాటు ఎక్కడ నేర్చుకున్నాం? తెలియని హీరోయిన్ల మీద ఏళ్ళ తరబడి చేసిన రియాజ్ ఇది. చేయి తిరిగాక తెలిసిన పిల్లల మీద వాడుతున్నాం.

ఇక ఇజ్జత్ దాటి ప్రాణాల దాకా వచ్చిన కథలు చూద్దాం. పులివెందుల ఎంత దెబ్బతిన్నదో గుర్తు చేసుకోండి. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖర్ రెడ్డి ఎక్కిన హెలికాప్టర్ జాడ తెలియకుండా పోయింది. ఆ పగలంతా "సేఫ్‌గా దిగారట" అన్న మాట ఊరూరా తిరిగింది. ఆ మాట పట్టుకుని జనం ఆశ పెంచుకున్నారు. మర్నాడు నల్లమలలో శవాలు దొరికాయి. ముందు రోజంతా నమ్మిన తల్లులు ఆ పొద్దు ఎట్లా ఏడ్చారో మన మూడు ఊళ్ళకూ తెలుసు. నాలుగు నెలలు గడిచాయి. 2010 జనవరి 7న, ఎక్కడో విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన రాతను పట్టుకుని ఆ చావు వెనక కుట్ర ఉందని తెలుగు టీవీ చానెళ్ళలో వేశారు. ఆ రాత్రి రాష్ట్రంలో చాలాచోట్ల రిలయన్స్ దుకాణాల మీద, బంకుల మీద జనం పడ్డారు. తహ్ఖీఖ్ లేని ఒక్క ఖబర్‌కు అద్దాలు పగిలాయి, కేసులు పడ్డాయి, జర్నలిస్టులు జైలుకు పోయారు. గుంపులో రాయి విసిరిన పిల్లల్లో ఎంతమందికి ఆ వెబ్‌సైట్ పేరైనా తెలుసు?

అదే పులివెందులలో 2019 మార్చి 15న వివేకానందరెడ్డి చనిపోయారు. పొద్దున బయటికి వచ్చిన మొదటి మాట గుండెపోటు. అది గుండెపోటు కాదు, హత్య అని ఆ రోజే తేలింది. 2020లో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. కోర్టులు ఏళ్ళ తరబడి తవ్వుతున్న దాని మీద మన చాయ్ హోటళ్ళలో మొదటి వారమే ఫైసలా అయిపోయింది, అదీ హోటల్‌కొక ఫైసలా. మొదటి ఖబరే తప్పుగా వచ్చిన ఊర్లో ఉంటూ కూడా, రెండో ఖబర్ వినేటప్పుడు కొంచెం ఆగాలని మనకు తోచలేదు.

2018 మే నెల, రంజాన్. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫోన్ ఫోన్‌కూ అఫ్వాహ్ పాకింది. 26వ తేదీ రాత్రి హైదరాబాద్ పాతబస్తీ చాంద్రాయణగుట్టలో, ఖైరాత్ అడుక్కోవడానికి బయటి ఊరి నుంచి వచ్చిన హిజ్రాల మీద గుంపు పడింది. ఒకరు చనిపోయారు. రోజా నెలలో, మన ఇలాఖాలో, ఖైరాత్ కోసం చేయి చాచిన మనిషి. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసిన వేలమంది ఆ రాత్రి సెహరీకి లేచి ఉంటారు. తమ చేతికి రక్తం అంటిందని వాళ్ళలో ఎందరికి తోచి ఉంటుంది?

అఫ్వాహ్ దెబ్బ ఎట్లా ఉంటుందో ఇంకెవరికి తెలియకపోయినా మనకు తెలియాలి. 2020 మార్చి నెలాఖరు గుర్తుందా? ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్. ఏప్రిల్ మొదట్లో మన జిల్లాలో, ప్రొద్దుటూరుతో సహా, ఢిల్లీ వెళ్ళొచ్చినవాళ్ళలో కేసులు బయటపడ్డాయి. జబ్బు ఎవరికైనా వస్తుంది. కానీ ఆ వారం నుంచి మన టోపీని చూసి మొహం తిప్పుకున్నారు. పండ్ల మీద ఉమ్ముతున్నారని, కావాలనే అంటిస్తున్నారని ఎక్కడెక్కడివో పాత వీడియోలు మన పేరుతో తిప్పారు. పండ్ల బండి తోసుకునే మన తాతల దగ్గర కొనడం మానేశారు. జబ్బు తగ్గినవాళ్ళు ఢిల్లీలో ప్లాస్మా ఇస్తే ఆ ఖబర్ మాత్రం ఎవరూ తిప్పలేదు. 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్, విదేశీ జమాత్ వాళ్ళ మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువులను చేశారని రాసింది. అప్పటికి దాదాపు ఐదు నెలలు గడిచాయి. ఆ తీర్పును ఎంతమంది చదివారు? ఉమ్మిన వీడియోను ఎంతమంది చూశారు?

ఆ రోజుల్లో మనం ఏం అడిగాం? "ఒక్కసారి నిజం కనుక్కోండి భాయ్" అని అడిగాం. మనకోసం లోకాన్ని అడిగిన ఆ తహ్ఖీఖ్‌ను రహమాన్ బీవీ కోసం, సానియా కోసం, పక్క సందులో పిల్ల కోసం మనం చేయడం లేదు. మజ్లూమ్ అయినప్పుడు ఇన్సాఫ్ అడిగి, మన వంతు వచ్చినప్పుడు అదే జుల్మ్ చేస్తే, మన ఫరియాద్‌కు విలువ ఎక్కడుంటుంది?

ఇప్పుడు మనం నోరు మూసుకున్న చోట్ల సంగతి.

ఇమామ్ గజాలీ (రహ్) తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో నాలుక తెచ్చే ఆఫత్‌లు ఇరవై లెక్కపెట్టారు. తనకు సంబంధం లేనిదాని మీద మాట్లాడటంతోనే ఆ లెక్క మొదలవుతుంది. గీబత్ గురించి రాస్తూ, ఏయే చోట్ల మనిషి గురించి అతని వెనక మాట్లాడవచ్చో కూడా చెప్పారు. అందులో మొదటిది జుల్మ్ జరిగినవాడి ఫరియాద్. హక్కు దక్కనివాడు హాకిమ్ దగ్గర పేరు పెట్టి చెప్పవచ్చు. అంటే దీన్ మనల్ని మూగవాళ్ళుగా ఉండమనలేదు. ఎక్కడ గొంతెత్తాలో చూపించింది. మనం అది తిరగేసి పట్టుకున్నాం.

మా జమ్మలమడుగు వాళ్ళకు ఒక సవాల్. ఉక్కు ఫ్యాక్టరీ శంకుస్థాపనలు ఎన్నో చెప్పగలరా? 2007లో బ్రహ్మణి పేరుతో రాజశేఖర్ రెడ్డి వేశారు. 2018 డిసెంబర్‌లో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు వేశారు. 2019 డిసెంబర్‌లో సున్నపురాళ్ళపల్లె దగ్గర జగన్ వేశారు. 2023 ఫిబ్రవరిలో అక్కడే మళ్ళీ జిందాల్ వాళ్ళతో కలిసి వేశారు. మధ్యలో 2014 విభజన చట్టంలో కూడా కడప ఉక్కు మాట రాశారు. పదహారేళ్ళలో నాలుగు రాళ్ళు పడ్డాయి, ఒక్క కడ్డీ బయటికి రాలేదు. డిప్లొమా చేసిన మన పిల్లలు ఈలోగా కువైట్ వీసాలకు అప్పులు చేశారు. ఒక హీరో విడాకులకు ఎన్ని కోట్లు ఇచ్చాడో రూపాయితో సహా చెప్పే మనకు ఈ నాలుగు తారీఖులు ఎందుకు నోటికి రావు? వీటి మీద చాయ్ హోటల్లో గంటసేపు గట్టిగా మాట్లాడండి, అది గీబత్ కాదు. పార్టీ పేరు పెట్టి, నాయకుడి పేరు పెట్టి అడగండి. ఆ అడగడం మన హక్కు.

ఇంకొకటి. మన పిల్లల చదువు సీట్లకు, ఉద్యోగాలకు ఆసరా అయిన బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషన్ 2007 చట్టంతో వచ్చింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది మళ్ళీ నిలబడింది. మధ్యంతరం అంటే తుది ఫైసలా కాదు. మన ఇంట్లో ఇంజనీరింగ్ సీటు, టీచర్ కొలువు ఒక మధ్యంతర ఉత్తర్వు మీద నిలిచి వచ్చాయని ఖాందాన్ గ్రూపులో ఎప్పుడైనా ఎవరైనా రాశారా?

మూడోది వక్ఫ్. 2025లో కొత్త చట్టం వచ్చింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టారు. మీ మొహల్లా మస్జిద్, మీ అబ్బాజాన్ పడుకున్న ఖబ్రస్తాన్, వాటి కాగితాలు ఎక్కాయా? ముతవల్లీ సాబ్‌ను ఎవరైనా అడిగారా? ఖబ్రస్తాన్ పక్కన ఎవరి ప్రహరీ ఎంత జరిగిందో తెలిసినవాళ్ళు కూడా అడగరు. "మనకెందుకు భాయ్, పెద్దోళ్ళ విషయం" అంటారు. చెన్నైలో ఉన్న ఒక మ్యూజిక్ డైరెక్టర్ పడకగది మన విషయం, మన నాన్న ఖబర్ పెద్దోళ్ళ విషయం. ఇదీ మన హాల్.

వింతలు, విశేషాలు కావాలన్న షౌక్ ఉంటే దానికీ మన పక్కనే కావలసినంత ఉంది. జమ్మలమడుగు నుంచి ఆటోలో పోగలిగేంత దూరంలో గండికోట. 1650లో గోల్కొండ వైపు నుంచి వచ్చిన మీర్ జుమ్లా దాన్ని గెలిచాడు. రెండేళ్ళకు ఫ్రాన్స్ దేశపు వ్యాపారి టావెర్నియర్ అక్కడికి వచ్చి చూసి రాసుకున్నాడు. కోటలో జుమ్మా మస్జిద్, దానికి దగ్గర్లోనే మాధవరాయ ఆలయం, ఈ పొద్దుకూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. సెలవు రోజు పిల్లల్ని తీసుకుపోయి సెల్ఫీలు దిగి వచ్చేస్తాం. ఆ మస్జిద్ అక్కడ ఎందుకుంది, ఆ వజూ హౌజ్‌కు నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవి అని పిల్ల అడిగితే "ఏమో బేటా" అంటాం. ప్రొద్దుటూరు బంగారం బజారులో కార్ఖానాల్లో కూర్చుని పనిచేసే చేతులు ఎవరివి, వాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు, వాళ్ళ కూలి ఎంత? అడిగితే ఒక సాయంత్రం గప్‌షప్‌కు సరిపోతుంది. ఇంట్లో నానీ ఉంటే ఆమె చిన్నప్పుడు పెన్నకు వరదొస్తే ఎట్లా దాటేవాళ్ళో అడగండి. ఆమె పోయాక ఆ ఖబర్ ఏ ఫోన్‌లోనూ దొరకదు.

ఖుత్బా ఇచ్చే ఆలిమ్ సాబ్‌లకు కూడా అదబ్‌తో ఒక దర్ఖాస్త్. ప్రతి జుమ్మాకూ "ఫోన్ హరామ్, టీవీ హరామ్" అని గంపగుత్తగా మనా చేస్తే పిల్లలు వినడం మానేశారు. ఫోన్‌లో ఏది తోహ్మత్, ఏది ఫరియాద్, ఏది వట్టి ఖబర్ అని విడదీసి చెప్పండి. రహమాన్ మీద వచ్చిన వీడియో ఫార్వర్డ్ చేయడం ఎందుకు గునాహో, ఉక్కు ఫ్యాక్టరీ మీద అడగడం ఎందుకు గునాహ్ కాదో మిస్సాల్ పెట్టి చెప్పండి. మా పిల్లలకు ఫత్వాల కంటే ఫరఖ్ తెలియడం ముఖ్యం.

ఇక మన వంతు. గ్రూప్ అడ్మిన్ అయిన మామూలు, ఖాలాలు, మీ గ్రూపు మీ దస్తర్‌ఖాన్ లాంటిది. మీ దస్తర్‌ఖాన్ మీద ఎవరైనా కుళ్ళిన మాంసం పెడితే ఊరుకుంటారా? ఎవరి తలాఖ్ ముచ్చట వచ్చినా, ఎవరి ఆడపిల్ల ఫోటో వచ్చినా అక్కడే తీసేయండి. పెట్టినవాడు పెద్దవాడైతే ఫోన్ చేసి అదబ్‌గా చెప్పండి, చిన్నవాడైతే అందరిలో సిగ్గుపరచకుండా విడిగా చెప్పండి. రిష్తా మాటల్లో "ఏదో విన్నాం" అన్న ముక్క ఎవరి నోట వచ్చినా, ఎవరు చెప్పారో పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ మాటను అక్కడే దఫన్ చేయండి.

అన్నిటికంటే సులువైనది చివర్లో చెబుతాను. దీనికి ఆలిమ్ కానక్కర్లేదు, ఫోన్ అమ్ముకోనక్కర్లేదు. రేపు ఫజర్ తర్వాత మీ పక్కన కూర్చున్న మనిషి "సునే క్యా?" అంటే, చాయ్ గ్లాసు కింద పెట్టి, నవ్వుతూనే అడగండి: "కౌన్ బోలే? ఉనోకూ కైసా మాలూమ్?"

జవాబు ఉంటే వినండి. లేకపోతే ఖబ్రస్తాన్ కాగితాల సంగతి ఎత్తండి.

ఖుదా హాఫిజ్.